డిటెక్టర్‌కు పెట్టిన బొట్టు

దసరా సెలవుల తర్వాత మా కోల్డ్ స్టోరేజీ మళ్లీ తెరిచే రోజది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేదాకా నా కాలు ఒకచోట నిలవలేదు. సేఫ్టీ ఆఫీసరుగా ఇది నా మొదటి ఉద్యోగం. మా యజమాని వెంకటేశ్వర్లు సార్ ప్రాణం తోడేసి మరీ అమోనియా డిటెక్టర్ పెట్టించాను. గదుల్ని చల్లబరిచేది అమోనియానే. లీకైతే ఊపిరాడదు, కళ్లు పోతాయి. గాలిలో అది కలిసిందని పసిగట్టగానే డిటెక్టర్ సైరన్ మోగిస్తుంది. ఇవాళ కొంచెం గ్యాస్ వదిలి దాన్ని పరీక్షించాలి. మోగగానే అందరూ బయటికి పరుగెత్తే రిహార్సల్ కూడా ఇవాళే. మోగితేనే మిషన్లు ఆన్.

గేటు ముందు ఆపిల్ లారీలు బారులు తీరాయి.

"మౌనికమ్మా, జర జల్దీ కానీ. లారీలోళ్లు నన్ను తింటున్రు," అన్నారు సార్.

నిచ్చెనెక్కి డిటెక్టర్ దగ్గర గ్యాస్ వదిలాను. సైరన్ మోగలేదు. మళ్లీ వదిలాను. ఊహూ. టార్చి వేసి చూస్తే, గ్యాస్ లోపలికి వెళ్లాల్సిన జాలీ నిండా పసుపు! మధ్యలో చక్కగా కుంకుమ బొట్టు!

ఆయుధపూజ! కంప్రెసర్లకు, తూకం మిషన్‌కు, ట్రాలీలకు పెట్టినట్టే దీనికీ పెట్టేశారు. తడి పసుపు జాలీలో ఎండి రాయైపోయింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. నిజంగా లీకై ఉంటే మా డిటెక్టరమ్మ బొట్టు పెట్టుకుని నిమ్మళంగా కూర్చునేది.

కింద సార్ అప్పటికే అందుకున్నారు. "ఎవడు పెట్టిండు గిది? వాడు ఇయ్యాల్టి సంది పనికి రావద్దు!"

అందరూ నేల చూపులు చూశారు. నా కోపం పసుపు మీంచి సార్ మీదికి మళ్లింది. తప్పు జరిగితే దాచకండి, ఎవరినీ ఏమీ అనరు అని వీళ్లకు మాటిచ్చింది నేను. సార్‌ను పక్కన నిలబెట్టుకునే ఇచ్చాను. ఇప్పుడొకరి ఉద్యోగం పోతే, రేపు కళ్లముందే లీకైనా ఎవరూ నోరు విప్పరు.

"మీరూ ఒప్పుకున్నారు కదా సార్!"

"ఒప్పుకున్న. గిట్ల పానాల మీదికి తెమ్మని ఒప్పుకున్ననా?"

కంప్రెసర్ నడిపే అంతయ్య ముందుకొచ్చాడు. నల్గొండ నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో కిరాయికుంటాడు. ఇద్దరు కూతుళ్ల చదువు ఈ జీతం మీదే.

"సార్, నిచ్చెన నేనే పట్టుకున్న."

"ఎక్కిందెవడు?"

అంతయ్య నా వైపు చూశాడు. "చెప్పు అంతయ్యా, నేను చూసుకుంటా," అన్నాను. చూసుకునేంత సీను నాకు లేదని ఇద్దరికీ తెలుసు.

"మీరే సార్. మీ అమ్మగారు కింద నిలబడి, 'గా మూలది ఇడిసిపెట్టినవ్ బిడ్డా' అన్నది. మీరు ఎక్కి పెట్టిన్రు."

సార్ డిటెక్టర్ వైపు చూశారు, అంతయ్య వైపు చూశారు.

"ఒకటెనక ఒకటి పెట్టుకుంట పోయిన. యాదికే లేదు," అన్నారు చివరికి. "మరి ఆనాడే ఎందుకు చెప్పలే?"

"మీకెట్ల చెప్తం సార్?"

సార్ ముఖం తుడుచుకున్నారు. "నీ పని ఎక్కడికి పోదు అంతయ్యా. నాదే తప్పు," అన్నారు. నాకు అక్కడికక్కడే ఎగిరి గంతేయాలనిపించింది.

కొత్త జాలీ బిగించి గ్యాస్ వదిలాను. సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగింది! అందరూ కేకలు పెడుతూ ముందు గుమ్మంలోంచి బయటికి దూకారు. నేనూ పెద్దగా అరుస్తూ పరుగెత్తాను. ఇంత సంతోషం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆవరణలో పండ్లు ఏరే అండాలమ్మ రొప్పుతూ సార్ ముందుకొచ్చింది.

"సార్, నేనొకటి చెప్పాల్నా?"

"చెప్పు."

"ఎనక తలుపుకు తాళం ఉన్నది. ముందట లీకైతే మేం గా దిక్కే ఉరకాలె. పండుగకు దొంగలొస్తరని మీరే ఏపిచ్చిన్రు."

సార్ జేబులు తడుముకుంటూ వెనక తలుపు వైపు ఉరికారు. సగం దూరంలో ఆగి, వెనక్కి తిరిగి అరిచారు. "ఇంకేమన్న ఉన్నయా?"

ఈసారి అందరికన్నా ముందు అంతయ్య చెయ్యి లేచింది.