నలుపు వదలని చేతులు

ఆమె కావాలని చేసింది కాదు. క్రిస్మస్ తొట్టిలో పరిచే తెల్లబట్టలు ఉతికిపెట్టమని పాస్టరమ్మగారు ఒక మూట ఇస్తే, లాండ్రీలో పనిచేసే మనిషి కదా, మూట విప్పి చూడకుండానే మరుగుతున్న నీళ్ళలో వేసేసింది. ఇంట్లోకి పసిపిల్ల వచ్చినప్పటినుంచీ ఆమెకి చన్నీళ్ళ మీద నమ్మకం పోయింది. తీసి చూస్తే బట్టలు తళతళలాడుతున్నాయి. మధ్యలో ఉన్న ప్లాస్టిక్ బాలయేసు బొమ్మకి మాత్రం మెడ వాలిపోయి, ముక్కు లోపలికి పోయి, ఒక కన్ను నుదుటి మీదికి ఎక్కింది.

"దేవుణ్ణి కూడా ఉడకబెట్టేశావటే," అంది అత్త, నవ్వాపుకోలేక నోటికి చెయ్యడ్డం పెట్టుకుని. "జాగ్రత్తమ్మ అని నీకు పేరు పెట్టింది నేనే గానీ, మరీ ఇంత జాగ్రత్తనుకోలేదు."

కోడలికి నవ్వు రాలేదు. ఎల్లుండే క్రిస్మస్. ఆ చర్చిలో బొమ్మని తిన్నగా తీసుకెళ్ళి తొట్టిలో పెట్టరు. పొద్దుటి ఆరాధనలో చివరి బెంచీ దగ్గర మొదలుపెట్టి, చేతుల మీదుగా ముందుకు పంపుతారు. ముసలీ ముతకా, చిన్నా పెద్దా అందరూ ఒక్క క్షణం ఎత్తుకుని పక్కవాళ్ళకి అందించాలి. దేవుడు మన చేతుల్లోకి వచ్చాడని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ప్రసంగం తన దగ్గర లేదంటారు పాస్టరుగారు.

ఆయన సాయంత్రం ఇంటికొచ్చి బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పోనీలే అమ్మా. మీ ఇంట్లో బంగారంలాంటి పాపే ఉందిగా. ఈసారి పాపని పంపిద్దాం."

ఆమె పాపని ఒళ్ళోకి లాక్కుంది.

"ఆడపిల్లండి," అంది, ఇంకేం తోచక.

"పొత్తిగుడ్డల్లో చుట్టాక ఎవరడుగుతారు?"

"డెబ్బైమందండీ. ఎవరికి దగ్గుందో, ఎవరికి పడిశం ఉందో."

పాప ఏడో నెలలోనే పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. నలభై రోజులు ఆసుపత్రి గాజుపెట్టెలో ఉంటే, తన బిడ్డని తను తాకడానికి మోచేతులదాకా కడుక్కుని వేలి కొస మాత్రం లోపల పెట్టేది. ఇప్పుడు అయిదు నెలలు నిండాయి. పాప బాగానే ఉంది, నలుగురిలోకి తీసుకెళ్ళమని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఎనిమిదో క్లాసులో చదువు ఆగిపోయిన తనకి ఆ మాట సరిగ్గా అర్థమైందో లేదోనని మళ్ళీ అదొక భయం. తనూ, భర్తా, అత్తా, డాక్టరమ్మా తప్ప పాపని ఇంకెవరూ ఎత్తుకోలేదు. పాప ఏడుపైనా గొంతులోంచి గాలి వచ్చినట్టుండేది అంతే.

"నావల్ల కాదండీ," అంది తలొంచుకుని.

"బలవంతమేం లేదమ్మా. ఖాళీ గుడ్డ పంపిద్దాం," అన్నారాయన. ఆ మాటలో దెప్పు లేదు. దెప్పి ఉంటేనే బాగుండేదనిపించింది ఆమెకి.

క్రిస్మస్ పొద్దున్న పాపని గుండెకి అదుముకుని చివరి బెంచీలో, తలుపు పక్కన, అందరికీ దూరంగా కూర్చుంది. ఒక పక్క అత్త. రెండో పక్క, ఇద్దరు పట్టేంత ఎడం వదిలి, పక్కింటి మెకానిక్ బాబాయి. పాప పుట్టిన రోజు, రిపేరుకొచ్చిన వ్యానులో ఈమెని ఎక్కించుకుని, హారన్ పనిచెయ్యకపోతే కిటికీలోంచి తల బయటపెట్టి దారి పొడుగునా అరుచుకుంటూ ఆసుపత్రికి చేర్చిన మనిషి. అయినా ఇంతవరకూ పాపని గుమ్మంలోంచి చూసి వెళ్ళడమే.

పాస్టరమ్మగారు మడతపెట్టిన తెల్లగుడ్డ తెచ్చి ముందు బాబాయికి అందించారు. ఆయన చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"అటివ్వండమ్మా. తెల్లగుడ్డ."

"ఏటా ఇదే మాట నీది," అంది అత్త. "బొమ్మనైనా ఒక్కసారి ఎత్తుకున్నావా?"

"తెల్లారకముందే లేచి కిరసనాయిలేసి తోమానక్కా. ఈ నలుపు వదలదు. చేతులు బాగుపడ్డాక చూద్దాంలే."

గుడ్డ ఆమె ఒళ్ళోకి వచ్చింది. తను ఉతికి, తను ఇస్త్రీ చేసిన గుడ్డే. అందులో ఏమీ లేదు.

ముందు తొట్టి కూడా ఖాళీగానే ఉంది. పాస్టరుగారు గొర్రెల కాపరుల సంగతి చదువుతున్నారు. మరియమ్మ దగ్గరికి మొదట వచ్చింది వాళ్ళే. వాళ్ళ చేతులెలా ఉండి ఉంటాయో లాండ్రీ మనిషికి ఒకరు చెప్పాలా. కడుక్కుని రమ్మని దేవదూత అనలేదు. మన చేతుల నలుపు వదిలేదాకా ఆగుదామనుకుని ఉంటే ఆ బిడ్డ ఇప్పటికీ వచ్చేవాడు కాదు. గాజుకి అవతలే ఉండిపోయేవాడు. దేవుడే తన కొడుకుని గాజు ఇవతలికి పంపేశాడు.

 ఆమె గుడ్డ విప్పి పాపని చుట్టి లేచి నిలబడింది.

"బాబాయ్, పట్టుకో."

"నా చేతులు చూశావా, తల్లీ?"

"చూశాను. తల కింద చెయ్యి పెట్టు."

ఆయన పెట్టాడు. వ్యాను కింద దూరి ఇనుము వంచే ఆ చేతుల్లో పాప దూదిపింజలా ఒదిగింది. ఆయన రెండో చెయ్యి కూడా పాప కింద ఆనించాడు. పాప ఆయన మొహంలోకి తేరిపార చూసి, పెదవి విరిచి, నోరు తెరిచింది.

అంత ఏడుపు ఆ పిల్లలో ఎక్కడ దాగి ఉందో. చర్చి కప్పు ఎగిరిపోతుందా అన్నట్టు ఏడ్చింది. పాస్టరుగారు చదవడం ఆపేశారు. బెంచీలన్నీ వెనక్కి తిరిగాయి.

"అమ్మో, గొంతుందే దీనికి," అంది అత్త. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

అప్పుడు పాట ఎత్తమని ఎవరూ సైగ చెయ్యలేదు. పాటల వరుసలో నిలబడ్డ పాప తండ్రి గొంతు ముందు లేచింది, తర్వాత అందరివీ. రక్షకుడు పుట్టాడని పాడుతూ పాపని అందుకున్నారు, ముద్దుచేశారు, అందించారు. పాప ఊరుకోలేదు. పాట ఎంత పైకి వెళ్తే అంత పైకి ఏడ్చింది. తల్లి పరుగెత్తలేదు. బెంచీ పట్టుకుని, నిటారుగా నిలబడి పాడింది. ఒక్కొక్క చెయ్యి దాటుతుంటే ఆమె భుజాల మీది బరువు ఒక్కొక్కటే దిగిపోయింది.

పాపని తొట్టిలో పెట్టారు. తెల్లగుడ్డ మీద అయిదు నల్లటి వేలిముద్రలు చివరి బెంచీ వరకూ కనబడుతున్నాయి.

"రేపు ఆ గుడ్డని కూడా ఉడకబెడతావేమిటే?" అని అత్త చెవిలో అడిగింది.

"దాన్ని ముట్టుకోను అత్తయ్యా," అంది జాగ్రత్తమ్మ.