జానెడు కోత

తడి దుప్పటి సగమే పైకి లేచింది. చెయ్యి భుజం దాటేసరికి రొమ్ము కిందనుంచి వీపు దాకా కాల్చిన చువ్వ పెట్టి లాగినట్టయి, బక్కక్క "అమ్మా!" అంటూ వదిలేసింది. దుప్పటి కాస్తా మురికినీళ్ళలో పడింది.

"ఉతికిందాన్ని మళ్ళీ ఉతకాలి! సబ్బు నీ అబ్బ సొమ్మనుకున్నావా?" మేస్త్రి అవతలి గోడ దగ్గర్నుంచే అందుకున్నాడు.

అది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే షెడ్డు. యంత్రంలోంచి తీసిన తడి దుప్పట్లని ఎత్తి, తలకన్నా ఎత్తున కట్టిన తీగమీద వెయ్యడం బక్కక్క పని. ఆ ఆవిరిలో, ఆ ఘాటు మందుల వాసనలో దగ్గి దగ్గి, ఆఖరికి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది. పెద్దాసుపత్రివాళ్ళు ఛాతీ చీల్చకుండా పక్కటెముకల సందుల్లో మూడు బెజ్జాలు పెట్టి, కెమెరా గొట్టం దూర్చి శుభ్రం చేశారు. "అదృష్టవంతురాలివమ్మా, చిన్న కోతతో పోయింది" అన్నారు.

ప్రాణం దక్కిన మాట నిజమే. దానితోపాటు నొప్పీ దక్కింది. రవిక తగిలితే మంట, తుమ్మితే చావు. పడుకోలేక గోడకి ఆనుకుని తెల్లవారుస్తోంది. మళ్ళీ వెళ్ళి అడిగితే డాక్టరమ్మ, "ఎముకల సందున నరం నలిగిందమ్మా. పైకేం కనపడదు. తగ్గడానికి నెలలు పట్టొచ్చు, బరువులెత్తకు" అంది. ఇంటికొచ్చి ఆ మాటే చెబితే మొగుడు, "డాక్టర్లే చిన్నదన్నారు, నువ్వెందుకు పెద్దది చేస్తావ్?" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ షెడ్డులో ఒక దిక్కుమాలిన ఆనవాయితీ ఉంది. కూర్చుని చేసే పని మడతబల్ల దగ్గర ఒక్కటే, అక్కడ ఉన్నది ఒకే ఒక్క స్టూలు. యజమాని రెండోది కొనడు. అందుకని ఆపరేషనై వచ్చిన ప్రతి మనిషీ తోటి ఆడవాళ్ళ ముందు కోత చూపించాలి. వాళ్ళు జానతో కొలుస్తారు. జానెడుంటే స్టూలు, లేకపోతే తీగ. కొలుస్తున్నంతసేపూ మేస్త్రి అటు తిరిగి నిలబడతాడు, ఆ మర్యాద ఒకటి! ఇప్పుడందరూ స్టూలు పిన్ని అని పిలిచే పెద్దామె పొట్ట కోయించుకుని వచ్చిననాడు జాన పెట్టి, "జానా నాలుగు వేళ్ళు!" అని గొప్పగా అరిచింది బక్కక్కే. అప్పట్నుంచీ పిన్ని ఆ స్టూలు దిగలేదు. బక్కక్క తిరిగొచ్చిననాడు మాత్రం జాన పెట్టడానికే చోటు దొరకలేదు. ఆవేళే ఆమెకి బెజ్జాలక్క అని పేరు పెట్టి పొట్టలు పట్టుకుని నవ్వారు.

"మేస్త్రిగారూ, కొన్నాళ్ళు నాకు మడతపని ఇప్పించండి. మీకు దణ్ణం పెడతా" అంది బక్కక్క.

"బెజ్జాలకి స్టూలిస్తే రేపు చెవులు కుట్టించుకున్నది కూడా వచ్చి కూర్చుంటుంది! తీగ దగ్గర చెయ్యలేకపోతే చెప్పు, గేటు తీసే ఉంది."

షెడ్డంతా ఘొల్లుమంది. ఈసారి స్టూలు పిన్ని లేచింది. నడుంమీద చెయ్యి వేసుకుని కుంటుకుంటూ వచ్చి, "ఏదే, ఎక్కడ నొప్పి? ఇక్కడేనా?" అంటూ రవిక మీదనుంచే బొటనవేలితో కిందిబెజ్జం నొక్కింది.

బక్కక్కకి కళ్ళముందు షెడ్డు తిరిగింది. పక్క పట్టుకుని కూలబడింది. ఆమెని పట్టుకున్నట్టు మీదికి వంగి, పిన్ని బక్కక్క చెవిలో గొణిగింది.

"నా కోత మానిపోయి ఎన్నాళ్ళయిందో నీకూ తెలుసు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయే. నన్ను లేపారంటే ఇక గేటు బయటే. నా పొట్ట కొట్టకే తల్లీ." అంతలోనే తల ఎత్తి గట్టిగా, "అంతా నటన! ఏమీ లేదు మేస్త్రిగారూ, ముట్టుకుంటే చాలు పడిపోతోంది!" అంది.

మళ్ళీ నవ్వులు. నొక్కిన చోట ఒక్కటే సలుపు. అంతకన్నా ఎక్కువగా ఏడిపించింది ఆ గొణుగుడు. పిన్నిని తిడదామంటే నోరు రాలేదు. పిన్ని లేస్తేనే తను కూర్చోగలదు, తను కూర్చుంటే పిన్ని పోవాలి. ఛీ, ఏం బతుకిది!

"నాటకం అయిందా? లే, దుప్పటి ఎత్తు" అన్నాడు మేస్త్రి.

బక్కక్క లేవలేదు. తడి దుప్పట్ల కుప్పమీదికి జరిగి చతికిలబడింది. కింద పడ్డ దుప్పటి అంచు ఒళ్ళోకి లాక్కుని మడత పెట్టడం మొదలుపెట్టింది.

"తడిదాన్ని మడతేంటే! పిచ్చా? ఎత్తి తీగమీద వెయ్యి!"

"ఎత్తను."

"అయితే లేచి గేటు దారి పట్టు!"

"పోను."

"ఏదీ, ఆ బెజ్జాలు ఇంకోసారి చూపించు. అందరం తేల్చేద్దాం."

"చూపించను." మడతమీంచి తల ఎత్తలేదు. "ఇంకోసారి కొలవనివ్వను. ఇంకెవర్నీ కొలవను."

ఎవరూ నవ్వలేదు. యంత్రం ఆగి తలుపు తెరుచుకుంది. ఇంకో దఫా తడి దుప్పట్లు జారి, బక్కక్క కాళ్ళమీద పడ్డాయి. ఎత్తడానికి ఎవరూ ముందుకు రాలేదు. మేస్త్రి ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. స్టూలు పిన్ని మడతబల్ల దగ్గరికి తిరిగెళ్ళింది గానీ, రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకుని నిలబడే ఉంది, ఇంకా కూర్చోలేదు.