క్యాసెట్ రెండో వైపు

కువైట్‌లో మేము ఎక్కడ ఉండాలో లాల్‌దర్వాజాలో మా గల్లీవాళ్లందరికీ తెలుసు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

మా ఆయన ఆనందరావు వెల్డింగ్ పనికి అక్కడికి పోయి రెండేళ్లయింది. ఆయనకు చదువు రాదు. ఉత్తరం రాస్తే గదిలో వాళ్లెవరో చదివి వినిపించాలి. అందుకే మా సంసారమంతా ఒకే క్యాసెట్‌లో అటూ ఇటూ తిరిగేది. ఒకవైపు ఆయన మాట్లాడి పంపేవాడు. రెండో వైపు మేము మాట్లాడి, అటు పోయేవాళ్ల చేతికిచ్చేవాళ్లం.

కంపెనీ వాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోమన్నారని ఈసారి క్యాసెట్‌లో చెప్పాడు. ప్లాంటు పక్కన క్వార్టర్ ఇస్తారు, కానీ అక్కడి బడి ఐదో తరగతి వరకే. కువైట్ పట్నంలో ఇల్లు తీసుకుంటే పక్కనే పదో తరగతి దాకా ఇండియన్ స్కూలుంది, కానీ ఆయన వారానికోసారే ఇంటికి రాగలడు. అన్నీ చెప్పి చివర్లో, "క్వార్టరే తీస్కుంట. చిన్నోన్ని తీస్కొని రా. కౌసల్య అమ్మతాన ఉంటది" అన్నాడు. కౌసల్య మా పెద్దది, చిన్నోడు దాని తమ్ముడు. మొన్ననే ఏడో తరగతి పాసైంది.

కువైట్ పోతున్న మా గల్లీ వైకుంఠం ఆ సాయంత్రమే బొంబాయి రైలెక్కుతున్నాడు. జవాబు అతని చేతికివ్వాలి. మధ్యాహ్నం క్యాసెట్ పట్టుకొని విమలాదేవమ్మ ఇంటికి పోయాను. గల్లీలో టేప్‌రికార్డరున్నది వాళ్లింట్లోనే. అప్పటికే మా అత్తమ్మ చంద్రమ్మ చాప మీద కూర్చుంది, ఆమె వెనక సగం గల్లీ.

అందరూ తలా ఒక మాట పలకాలి, పెద్దవాళ్లు ముందు. అది మా రివాజు. అత్తమ్మ కొడుకు తిన్నాడో లేదో అడిగి, ఏడ్చి, ముక్కు చీది, మళ్లీ మొదలుపెట్టింది. "బిడ్డా, పోరి ఫికర్ నీకొద్దు. నాతాన్నే ఉంటది. నాకు గూడ చేతికింద మనిషి గావాలె."

రైల్వేలో రిటైరైన ప్రకాశం మామ గొంతు సవరించుకున్నాడు. "ఆనందం, ఇంగ్లీష్ మీడియం చిన్నప్పటిసంది ఉండాలె. గింత పెద్దపిల్లకు ఇప్పుడేం పట్టుబడుతది?"

విమలాదేవమ్మ నైలాన్ చీర రంగు చెప్పింది. ఇంకెవరో సెంటు సీసా అడిగారు, దగ్గారు, మళ్లీ అడిగారు. నా ఒళ్లు మండిపోయింది. ఎవరి పిల్ల! ఎవరి చదువు!

చివరికి నా వంతు వచ్చింది. "ఇనుండ్రి" అన్నానో లేదో, టక్కుమని బటన్ పైకి లేచింది. టేపు అయిపోయింది.

"పోనీ తియ్, మళ్లోపారి మాట్లాడుదువు" అన్నాడు ప్రకాశం మామ.

"మళ్లోపారికి ఇల్లు ఖాయమైపోతది మామా. ఆయన మాట్లాడిన దిక్కు తిప్పండ్రి."

అత్తమ్మ క్యాసెట్ మీద చెయ్యి వేసింది. "అది నా కొడుకు గొంతు! దాని మీదికెల్లి మాట్లాడుతవా?"

సాయంత్రం ఆ గొంతు కూడా వైకుంఠం సంచిలో పోయేదేనని చెప్పాను. వింటేనా! గల్లీవాళ్ల పలకరింపులు చెరిపితే ఇంకో లొల్లి.

గడప మీద కూర్చున్న కౌసల్య లేచి వచ్చింది. నానమ్మ చెయ్యి మెల్లగా తీసి, క్యాసెట్ తిప్పి పెట్టింది. కాస్త ముందుకు తిప్పి, విని, మళ్లీ తిప్పింది. "క్వార్టరే తీస్కుంట" అన్న ఆయన గొంతు దగ్గర సరిగ్గా ఆపింది. ఆ మాట ఎక్కడుందో దానికి ఎంత బాగా తెలుసో అప్పుడర్థమైంది. కొంచెం వెనక్కి తిప్పి, రికార్డు చేసే బటన్లు రెండూ కలిపి నొక్కింది.

"మాట్లాడమ్మా."

టేపు తిరుగుతోంది. నేను ముందుకు జరిగాను.

"ఇనుండ్రి. పట్నంలనే ఇల్లు తీస్కోండ్రి. మీరు వారానికోపారి వచ్చినా మంచిదే. ముగ్గురం వస్తున్నం. పిల్లను ఇడిచిపెట్టి నేను రాను."

"చూసిన్రా, చూసిన్రా" అంటోంది అత్తమ్మ. అది కూడా టేపులో పడే ఉంటుంది.

ఇక చాలనుకొని చెయ్యి చాచాను. కౌసల్య ఆపనివ్వలేదు. మైకు దగ్గరికి వంగింది.

"బాపూ, నేను ఏడు పాసైన. నువ్వు అడగలే" అని, బటన్ నొక్కింది.