పళ్లతో విన్న చప్పుడు

యల్లమంద పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిను తలకు ఆనించి, చెక్క పిడిని పళ్ల మధ్య బిగించాడు. అటుపక్క నీలిమ మేడమ్ చక్రం పావు చుట్టు తిప్పింది. సిలిండరులో నొక్కుడు, అంటే కంప్రెషన్, ఒక మెట్టు పెరిగింది.

నరసరావుపేట శివార్లలోని ఆ ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఇదే. స్పార్కు రాజేసిన మంట వచ్చి అందేలోపే, సిలిండరు మూలనున్న పెట్రోలు తనంతట తానే భగ్గుమంటే లోపల టకటకమంటుంది. దాన్ని నాక్ అంటారు. అది మొదలైన క్షణాన యల్లమంద చెయ్యెత్తాలి, మేడమ్ అంకె రాసుకోవాలి. ఎత్తకపోతే పిస్టనుకు చిల్లి పడుతుంది. ల్యాబుకు ఉన్నది ఆ ఒక్క ఇంజినే. సెన్సారు తీగను ఎలుకలు కొరికేసి ఏళ్లయింది. ఈయన ఉండగా కొత్తదెందుకని ఎవరూ తొందరపడలేదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద మేడమ్ నాలుగేళ్ల పరిశోధన ఆ చెయ్యి మీదే నడుస్తోంది. శుక్రవారం థీసిస్ ఇచ్చెయ్యాలి. ఈరోజు బుధవారం.

ఆయన చెవుల మీద కథలు చాలా ఉన్నాయి. వినుకొండ రోడ్డున పోతున్న లారీ దగ్గు ఇక్కడి నుంచే విని, బండి ఆపమని దాని డ్రైవరుకు ఫోను చేశాడట. ఎలా విన్నాడని ఎవరూ అడగరు గానీ, నంబరెలా దొరికిందని అడుగుతారు. డ్రైవరు ఆయన బావమరిది.

ఆ చెవులు పోయి రెండేళ్లు. ఇంజిను పక్కన బతికిన చెవి ముందుగా సన్నటి చప్పుళ్లను వదిలేస్తుంది. నాక్ సన్నటిదే. అప్పుడే పిడి చెవి నుంచి పళ్లకు మారింది. నాక్ రాగానే దవడ జిల్లుమనేది. ఇదేం పద్ధతని అడిగినవాళ్లతో, చెవులు పెళ్లాం కోటమ్మ తిట్లకు దాచుకున్నానని అనేవాడు.

ఆ కోటమ్మే, మేనకోడలి పెళ్లి ఫొటోల్లో మొగుడి పుచ్చుపళ్లు కనపడకూడదని ల్యాబు మూసిన సెలవుల్లో ఉన్నవన్నీ పీకించి, చిగుళ్లు మానాక మొన్న ఆదివారం చిలకలూరిపేటలో కట్టుడు పళ్లు పెట్టించింది. సోమవారం పిడి కొరికితే ఏమీ తెలియలేదు; కట్టుడు పళ్ల మీంచి అదురు దవడ ఎముకకు అందదు. నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు పొడిగించాలి, ఈ సంగతి తెలిస్తే పొడిగించరు. పాత అంకెలు గుర్తుచేసుకుని అందాజుగా చెయ్యెత్తాడు. మంగళవారమూ అంతే.

ఈరోజు పెట్రోలులో ఇథనాల్ పాలు కొత్తది. అందాజుకు ఆధారం లేదు.

మేడమ్ ఇంకో పావు తిప్పింది. ఇంకో పావు. ఆమె ఇంజిను వైపు చూడటం లేదు, ఆయన చేతినే చూస్తోంది.

యల్లమంద పిడి నోట్లోంచి తీశాడు. "ఆపు తల్లీ."

ఇంజిను ఆగింది.

"ఏంది బాబాయ్, వచ్చిందా?"

"వచ్చిందో లేదో నాకు తెలవదు. సోమారం నించీ తెలవట్లా."

ఆమె నోటుబుక్కు వెనక్కి తిరగేసింది. అంతకుముందువాటి సంగతి అడిగింది.

"అయ్యి నా సొంత పళ్లు చెప్పినయ్. వాటికి ఢోకా లేదు. ఈ వారానియి కొట్టెయ్."

ఆమె పదకొండు అంకెల మీద గీత గీసింది. ఆయన పిడిని చొక్కాకు తుడిచి అందించాడు.

"నీయి గట్టి పళ్లేగా. పట్టు."

ఇంజిను మళ్లీ నడిపించి, ఈసారి చక్రం ఆయన తిప్పాడు. మూడో తిప్పుకు ఆమె చెయ్యి దానంతటదే లేచింది.

సాయంత్రానికి పదకొండూ మళ్లీ వచ్చాయి. చివరిది రాసి ఆమె తలెత్తేసరికి ఎదురుగా ఎవరూ లేరు. ఇంజిను దెబ్బతినకుండా చక్రం వెనక్కి తిప్పి ఉంది. రేపటి నుంచి రానని చెప్పి వెళ్లాడని గేటు దగ్గర వాచ్‌మన్ దేవానందం చెప్పాడు.

లోపల ఇంజిను ఇంకా నడుస్తోంది. దాని సిమెంటు దిమ్మ మీద సగం తాగి వదిలేసిన టీగ్లాసు. ఇంజిను అదురుకు అందులో కట్టిన మీగడ సన్నగా ముడతలు పడుతోంది.