ఖాళీ సీసా బరువు

పొద్దున తొమ్మిదింటికి వీబ్కె కొట్టు తలుపు తీసి, గుమ్మం ముందు ఊడ్చి, సబ్బునీళ్ళ పీపాల కుళాయిలు కారుతున్నాయేమోనని ఒక్కొక్కటీ తడిమి చూసి, చివరగా కాటా తుడుస్తుంది. ఏడేళ్ళుగా ఇదే వరస.

బ్రెమెన్‌లో నదికి ఇవతలి ఒడ్డున, ట్రాము వంపు తిరిగే చోట ఉంది ఆ కొట్టు. ప్లాస్టిక్ కవరన్నది భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. బట్టలుతికే ద్రవం, గిన్నెలు తోమే సబ్బు, బీరపీచులు, కొయ్య బ్రష్షులు, పప్పులు, ఏది కావాలన్నా ఎవరి సీసా వాళ్ళు, ఎవరి గుడ్డసంచీ వాళ్ళు తెచ్చుకోవాల్సిందే. ముందు ఖాళీ సీసాని తూచాలి. మీట నొక్కి ఆ బరువుని సున్నా చెయ్యాలి. ఆ తర్వాతే నింపుకోవాలి. గాజు అసలు బరువెంతో సీసా అడుగున మైనం పెన్సిలుతో రాసి ఉంటుంది.

తిరకాసంతా ఆ ఖాళీ సీసాతోనే. ఆ కాటా మీద సీసా ఎవరు పెడితే, గాజుతో పాటు వాళ్ళ దిగులు కూడా తూగుతుంది. కొట్టు పెట్టిన కొత్తలో తూనికల ఆఫీసువాళ్ళు వచ్చి ఇత్తడి గుండ్లు పెట్టి చూశారు. గుండ్లకి దిగుళ్ళెక్కడివి? సరిగ్గానే తూగాయి. ముద్ర వేసి చక్కా వెళ్ళిపోయారు. వీధిలో వాళ్ళకీ అది వింతేం కాదు, వానా ఎండా లాగానే.

"ఇవాళెంత?" అని అడుగుతారు వరసలో వెనకున్నవాళ్ళు.

"నలభై గ్రాములు. అత్తగారొస్తోంది."

"ఎన్నాళ్ళుంటుందిట?"

"ఈస్టరు దాకా."

"అబ్బో! అయితే వచ్చే వారం పెద్ద సీసా తెచ్చుకో తల్లీ."

దిగులుకి మాత్రం ఎవరూ పైసా కట్టక్కర్లేదు. మీట నొక్కగానే గాజూ దిగులూ కలిసి సున్నా అయిపోతాయి. ఎవరి సీసా వాళ్ళే పెట్టాలన్నది వీబ్కె నియమం. తన సీసా మాత్రం ఆమె మూణ్ణెల్లుగా కాటా ఎక్కించలేదు. భయం. పదిహేను కిలోలు దాటితే ఆ కాటా కుయ్యోమని అరుస్తుంది.

ఆ భయానికి కారణం లేకపోలేదు. కొట్టు అద్దె ఒప్పందం ఈ నెలాఖరుతో సరి. ఈ-సిగరెట్లు అమ్మేవాడొకడు ఆ చోటు మీద కన్నేశాడు. గురువారం మధ్యాహ్నం మూడింటికి మా మనిషి వస్తాడు, మీరు స్వయంగా ఉండకపోతే ఒప్పందం పొడిగించడం ఇష్టం లేదనుకుంటాం అని ఇంటివాళ్ళ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇవాళే ఆ గురువారం.

పదకొండింటికి బ్రున్స్ గారొచ్చారు.

నలభై ఏళ్ళు నది మీద రేవుపడవ నడిపిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. చూపులేని అక్కని ఇరవై ఏళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నాడు. వాసనుంటే ఆమె ఒళ్ళంతా దద్దుర్లొచ్చేవని, ప్రతి గురువారం వచ్చి వాసన లేని ద్రవమే పట్టుకెళ్ళేవాడు. గాజు నాలుగు వందల పన్నెండు గ్రాములు, పైన అక్క దిగులు ఓ అరవై. జనవరిలో ఆమె పోయాక పైది మూడు వందలకి ఎక్కి అక్కడే కూర్చుంది.

"మొయిన్, అమ్మాయ్," అని పలకరిస్తూ సీసా పెట్టాడు.

నాలుగు వందల పన్నెండు. అంతే.

వెనక నిలబడ్డ గెజీనె తొంగి చూసింది. పక్కనే చెప్పులు బాగుచేసే కొట్టు ఆవిడది. నోరు ఆగదు. "ఓరి దేవుడా, దిగులు సున్నా! ఏం పుణ్యం చేసుకున్నావయ్యా బ్రున్సూ? ఆ కిటుకేదో మాకూ చెప్పు!"

ఆయన నవ్వాడు. మంచి నవ్వే. "కిటుకేం లేదు. బాగా నిద్రపట్టింది."

"ఎంత పొయ్యమంటారు, నిండానా?" అంది వీబ్కె.

"వద్దొద్దు. ఒక్క ఉతుక్కి సరిపడా చాలు. దుప్పట్లున్నాయి." అని సంచీలోంచి గుడ్డసంచుల దొంతి తీసి బల్ల మీద పెట్టాడు. అవి ఎప్పుడెప్పుడో అరువు పట్టుకెళ్ళినవి, పదకొండు. అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి ఉన్నాయి. "నీవి నా దగ్గర ఉండిపోయాయి. ఇంక పెట్టుకోవడం బాగుండదు."

ఆయన వెళ్ళిపోయాడు. "అదృష్టవంతుడు," అంది గెజీనె. వీబ్కె తలూపింది.

కానీ మనసు నిలవలేదు. ఏడేళ్ళలో ఆ కాటా మీద ఎవరి దిగులూ సున్నా కావడం చూడలేదు ఆమె. నెలల పాపని ఎత్తుకొచ్చిన తల్లికి లేదు, లాటరీ తగిలిన వాడికి లేదు. వాడికైతే రెండింతలయింది. బతికున్న మనిషికి ఎంతో కొంత ఉంటుంది. రేపు వానొస్తుందేమో, బస్సు తప్పిపోతుందేమో, ఏదో ఒకటి. ఏమీ లేదంటే ఆ మనిషికి రేపటితో పనిలేదనేగా?

ఛీ ఛీ, ఏం ఆలోచనలివి అనుకుంది. పీపాలు తుడిచింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. ఇస్త్రీ సంచులు బల్ల మీంచి తననే చూస్తున్నట్టున్నాయి. ఒంటిగంటకి ఫోన్ చేసింది, తియ్యలేదు. రెండింటికి చేసింది, తియ్యలేదు. మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడేమో. ఒక్క ఉతుకు! వానొస్తుందేమోనని వచ్చే వారం సరుకు కూడా ఈ వారమే కొనే మనిషి, ఒక్క ఉతుక్కి కొన్నాడు!

రెండున్నరకి వీబ్కె పక్కనున్న గెజీనె కొట్లోకి పరిగెత్తింది. "తాళం నీ దగ్గరుంచు. మూడింటికి అతనొస్తే కూర్చోబెట్టు."

"నీకేమైనా మతి పోయిందా? నువ్వు లేకపోతే కొట్టు పోతుందే!"

"తెలుసు," అంది వీబ్కె. ఏడుపొచ్చేస్తోంది. "తెలుసు గెజీనె, వెళ్ళనీ."

వానలో నాలుగు వీధులు దాటి, మూడంతస్తులు ఎక్కి, బెల్లు కొట్టింది. చప్పుడు లేదు. మళ్ళీ కొట్టింది. తలుపు బాదింది.

తలుపు తెరుచుకుంది. బ్రున్స్ గారు తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు, నున్నగా గడ్డం గీసుకుని. "నువ్వా? ఏమైందమ్మాయ్?"

"తూకంలో పొరపాటు జరిగిందండీ," అంది రొప్పుతూ. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట అది. "మీ ఖాళీ సీసా బరువు తప్పు చూశాను."

"నాలుగు వందల పన్నెండేగా. అడుగున రాసే ఉంది."

అప్పటికే ఆమె లోపలికి వచ్చేసింది. ఇల్లు అద్దంలా ఉంది. దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఫ్రిజ్ తీగ పీకేసి, తలుపు సందులో తువ్వాలు పెట్టి ఉంది. నెల రోజులు ఊరెళ్ళేవాళ్ళు అలా చేస్తారు. ఆయనకి వెళ్ళాల్సిన ఊరేదీ లేదు. బల్ల మీద ఆరు కవర్లు వరసగా ఉన్నాయి. నాలుగో దాని మీద తన పేరుంది.

కూడబలుక్కున్నదంతా మర్చిపోయింది వీబ్కె.

"మీ సీసాతో దిగులేమీ తూగలేదు బ్రున్స్ గారూ. ఏమీ లేదు. నాకు చచ్చేంత భయమేసింది."

ఆయన బల్ల మీది కవర్ల అంచులు సరిచేశాడు. కిటికీ మీద వాన పడుతోంది. "తేలిగ్గా ఉందమ్మాయ్," అన్నాడు చివరికి, మెల్లగా. "నిర్ణయం తీసుకున్నాక ఎంత తేలిగ్గా ఉందో నీకు తెలీదు. అక్కకి మందు వెయ్యాలా, పాలు కాచాలా... రోజంతా ఎవరూ పిలవరు. ఇంక నాతో ఎవరికి పని?"

వీబ్కె కుర్చీలో కూలబడి, కోటు కూడా విప్పకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కంగారుపడి ఇస్త్రీ చేసిన రుమాలు తెచ్చిచ్చాడు. గోడ గడియారం మూడు కొట్టింది.

ఆయన గడియారం వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"ఇవాళ గురువారం కదూ? అద్దె మనిషి వచ్చేది మూడింటికని చెప్పావ్ పోయినవారం."

"ఊఁ."

"మరి నువ్విక్కడేం చేస్తున్నావ్?"

ఆమె రుమాల్లో ముక్కు చీదింది.

"అయ్యో అయ్యో! నా మూలాన కొట్టు పోగొట్టుకుంటావా? బుద్ధుందా నీకు? లే, లే!" ఆయన అప్పటికే బూట్లలో కాళ్ళు దూరుస్తున్నాడు. ఒక లేసు ముడిపడలేదు. అలాగే వదిలేశాడు. "నా గొడుగేదీ? ఇక్కడే ఉండాలే! అన్నీ సర్దిపారేశాను, ఏదీ దొరికి చావదు!"

గుమ్మం దగ్గర వీబ్కె ఆగిపోయింది. "ఆ కవర్లు నాకిచ్చేయండి."

ఆయన నిలబడిపోయాడు. ఆమె చాచిన చెయ్యి దించలేదు. ఆయన వెనక్కి వెళ్ళి ఆరు కవర్లూ తెచ్చి ఆమె కోటు జేబులో కుక్కాడు.

"రేపు డాక్టరు దగ్గరికి కూడా వెళ్దాం. నేను వస్తాను."

"ముందు నడువమ్మా తల్లీ!"

కొట్టు చేరేసరికి మూడున్నర. అద్దె మనిషి లేడు. గెజీనె గుమ్మంలోనే చేతులు నలుపుకుంటూ నిలబడింది. "పావుగంట పట్టుకున్నాను. తిట్టాను, బతిమాలాను, కేకు పెట్టాను. తిన్నాడు, వెళ్ళాడు. రేపు తొమ్మిదింటికి నిన్ను ఆఫీసుకి రమ్మన్నాడు. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నాడు."

"తొమ్మిదింటికా?" అన్నాడు బ్రున్స్ గారు. "ఎనిమిదిన్నరకే వెళ్దాం. ఏడేళ్ళు అద్దె ఒక్క రోజు తప్పలేదని నేను చెప్తాను. వీధిలో అందరి సంతకాలూ తీసుకోవాలి. పొద్దు గూకేలోపు ఎన్ని ఇళ్ళు తిరగ్గలం? ట్రాములు సమ్మెలో ఉన్నాయా రేపు? ఉంటే నడిచి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది?"

గెజీనె ఆయన్ని ఎగాదిగా చూసింది.

వీబ్కె అరలోంచి ఇంకో ఖాళీ సీసా తీసి, అడుగున రాసింది చూసి, ఆయన చేతికిచ్చింది. అది మూడు వందల తొంభై. ఆయన సంతకాల ధ్యాసలోనే ఉండి దాన్ని కాటా మీద పెట్టాడు.

అంకెలు కదిలాయి. నాలుగు వందల ఇరవై. నలభై. నాలుగు వందల డెబ్భై ఎనిమిది దగ్గర ఆగాయి.

వీబ్కె ఆ అంకెని రెండుసార్లు చదువుకుంది. గాజు పోగా ఎనభై ఎనిమిది. మీట నొక్కి సున్నా చేసి, వాసన లేని ద్రవం పీపా దగ్గరికి సీసా పట్టుకెళ్ళింది.

"ఎంత పొయ్యమంటారు బ్రున్స్ గారూ?"

ఆయన కాగితం కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నిండా పొయ్యి."