అరవైరెండు గడపలు, ఒకటే పేరు

సింహాద్రి వలల పాకను యంత్రం ఒక్క తోపుతో కూల్చేసింది. లోపలి వలలైనా తీసుకోనివ్వమని అతను పోలీసుల కాళ్లు పట్టుకున్నాడు. లేపి పక్కకు గెంటారు. రెండువేల ఐదులో, గాజువాక అవతల నూకాలపాలెంలో, పట్టపగలు అందరి కళ్లముందూ జరిగిన సంగతి ఇది. కొత్త రేవు కట్టడానికి తీరం కావాలట. తీరం మీది మనుషులు మాత్రం అక్కర్లేదు.

కాంతం చేపల బుట్ట దించడం కూడా మరిచిపోయి నిలబడింది. రెవెన్యూ ఆఫీసరు కాగితం చదివాడు. పాత భూమి రికార్డులో ఊరి అరవైరెండు గడపలూ వీరన్న అనే ఒక్క మనిషి పేరనే ఉన్నాయట. వీరన్నకు మిగిలిన వారసురాలు మనవరాలు కాంతం ఒక్కతే. స్థలం అప్పగిస్తూ ఆమె సంతకం పెడితే ఆమెకు సర్కారు కాలనీలో ఇల్లు. మిగతావాళ్లంతా ఆక్రమణదారులు. గడువు శుక్రవారం.

ఊరు ఊరంతా కాంతం వైపు తిరిగింది. సంతకం పెడితే ఊరికి మొహం చూపించలేదు, పెట్టకపోతే పోలీసులు ఊరుకోరు.

"నీ తాతొక్కడే ఈ ఇసకలో పుట్టేడా అప్పా? మా తాతలు మనుసులు కారేటి?" అన్నాడు సింహాద్రి.

"నాకేటీ తెల్దు తమ్ముడూ. బయ్యంగుంది."

కాంతం కూతురు సుధారాణి డిగ్రీ చదువుతోంది, విద్యార్థి సంఘంలో తిరుగుతుంది. రెండు రోజులు రికార్డుల గది గుమ్మం పట్టుకు వేలాడి పాత సర్వే నకలు తెచ్చింది. కులపెద్ద ఇంట్లోని పెళ్లిళ్ల పుస్తకమూ తెచ్చింది. గురువారం పొద్దున వలలు ఆరేసే దిబ్బ మీద ఊరిని కూర్చోబెట్టి రెండూ చదివింది. పెళ్లిళ్ల పుస్తకంలో ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి కోడలయ్యిందో, తాతముత్తాతల పేర్లతో అరవైరెండు ఇళ్లూ వేరువేరుగా ఉన్నాయి. సర్వేలో మాత్రం ప్రతి ఇంటికీ వీరన్నే.

ఇదెలా జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. ఎనభై ఏళ్ల గంగాలమ్మ నోరు విప్పింది.

"బూవులు కొలిసే అమీను వొచ్చినపుడు నాను కొత్త కోడల్ని. మగోళ్లు సంద్రం మీద సేపల యాటకెల్లిపోనారు. ఇంటాయన పేరేటని అడిగేడు. మొగుడి పేరు నోటంట ఎలగ సెప్తాం? ఆడోళ్లందరం ఊరిపెద్ద ఈరన్న పేరే సెప్పీసినాం."

ఎవరూ నవ్వలేదు. ఆ తల్లులు మర్యాదకు పోయి మింగిన పేర్లే ఇవాళ బిడ్డల మెడకు చుట్టుకున్నాయి.

"ఈ పుస్తకం ఆఫీసరుకి సూపిద్దాం," అన్నాడొకడు.

"చూపించాను. సర్కారు ముద్ర లేదు, చెల్లదన్నాడు," అంది సుధారాణి.

"మరి రేపు అప్ప సంతకం ఎట్టేత్తే?" సింహాద్రి అడిగాడు.

కాంతం లేచింది. "ఎట్టను. కానీ ఒక్కదాన్నే నిలబడలేను. మీరు నా పక్కనుండాల."

శుక్రవారం రెండు వ్యాన్ల పోలీసులు దిగారు. అరవైరెండు ఇళ్ల ఆడవాళ్లూ యంత్రానికి అడ్డంగా కూర్చున్నారు. ఆఫీసరు కాగితం చాపాడు. కాంతం దాన్ని అందుకోలేదు.

"నానొక్కదాన్నే కాదు బాబూ. ఈలందరూ ఈ ఊరోళ్లే."

"రుజువేదీ?" అన్నాడు ఆఫీసరు. ఎస్సై వైపు తిరిగి, "అందరి మీదా కేసు రాయండి," అన్నాడు.

ఎస్సై పుస్తకం తెరిచాడు. "పేరు? మొగుడి పేరు? ఊరు?"

కాంతం చెయ్యి తనంతట తానే పైటచెంగుతో నోటిని మూసింది. ఒక్క క్షణం. చెంగు వదిలేసింది. "కాంతం. మొగుడు చలమయ్య. ఊరు నూకాలపాలెం. మాదిక్కడే."

"గంగాలమ్మ. మొగుడు..." అతను పోయి ఇరవై ఏళ్లయినా ఆ పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. "మొగుడు గంగరాజు. ఊరు ఇదే. రాసుకో."

ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. చెబుతూ కొందరు ఏడ్చారు. ఎస్సై రాస్తూనే ఉన్నాడు.

"నివాసం నూకాలపాలెం అని ప్రతి పేరుకీ రాయండి సార్," అంది సుధారాణి. "ఇది సర్కారు కాగితమే కదా."

ఆఫీసరు మొహం మాడిపోయింది. రాయడం ఆపమని అరిచాడు. అప్పటికే నలభై గడపలు కాగితం మీదికి ఎక్కాయి. ఎస్సై పెన్ను ఆగిపోయింది. లాఠీలు పైకి లేచాయి. కాంతం కదల్లేదు.

ఆమె పక్కనున్న ఆడమనిషి లాఠీల కిందికే జరిగి ఎస్సై చెయ్యి పట్టుకుంది.

"నాదీ రాయి బాబూ," అంది. "మొగుడు సింహాద్రి."