గాలి మూసిన తలుపు

నగరం కింద తవ్విన ఆ రోడ్డు సొరంగంలో గాలీ పొగా చూసుకునే బాధ్యత ఆమెది. అందుకే సైటులో అందరూ ఆమెను ‘గాలి మేడమ్’ అనేవాళ్లు. ఎదుటే అన్నా ఆమె నవ్వి ఊరుకునేది.

ప్రారంభానికి ముందు ఒక డ్రిల్ పెట్టారు. బస్సులో కొందరిని కూర్చోబెట్టి, ఉత్తుత్తి పొగ వదిలి, వాళ్లు గోడలోని తలుపు తోసుకుని పక్క సొరంగంలోకి చేరగలరో లేదో చూడాలి. మనుషులు కావాలనగానే ఆమె బాబాయి సిద్ధమైపోయాడు. ఆయన బతుకంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. తండ్రి లేని ఆమెను చదివించింది ఆయనే. మా అమ్మాయి కట్టిన సొరంగంలోకి అందరికంటే ముందు నేనే వెళ్తున్నానని వీధంతా చాటింపు వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు.

పొగ కమ్ముకుంది. ఫ్యాన్లు హోరెత్తాయి. బాబాయి పాత అలవాటు కొద్దీ అందరినీ బస్సు దింపి, తలుపు దాకా నడిపించి, తానే తోశాడు. అది కదల్లేదు. భుజం ఆనించి మళ్లీ తోశాడు. ఈలోగా వెనకాల వాళ్లు కంగారులో మీద పడ్డారు. కంట్రోల్ రూములోంచి చూస్తున్న ఆమె కేకేసి ఫ్యాన్లు ఆపించింది. ఆపగానే తలుపు తేలిగ్గా తెరుచుకుంది. అప్పటికే బాబాయి భుజం కీలు తప్పింది.

కారణం ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయింది. పొగ అటు చొరబడకుండా తలుపు అవతల గాలి ఒత్తిడి పెంచుతారు. అది మోతాదు మించితే తోసేవాడి మీదికి గాలే ఎదురు తిరుగుతుంది. డ్రిల్‌కు ముందు తలుపులు పరీక్షించేనాటికి సగం ఫ్యాన్లకే కరెంటు అందింది. మిగతావి తిరగడం మొదలయ్యాక మళ్లీ చూడాల్సింది. ప్రారంభం తరుముకొస్తోందని, లెక్కల్లో సరిపోయిందిలెమ్మని ఆమె సంతకం పెట్టేసింది.

ఆసుపత్రిలో బాబాయి ఆమె వైపు చూడలేకపోయాడు.

“నీ పరువు తీశానమ్మా. ఒంట్లో సత్తువ లేదని తెలుసుకోకుండా ముందుకురికాను.”

“అవన్నీ ఇప్పుడెందుకు, పడుకో బాబాయ్” అంది ఆమె. నిజం నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

వరండాలో ప్రాజెక్టు పెద్దసారు ఎదురై, ముసలాయన కంగారుపడ్డాడని రిపోర్టులో రాసేసి ముందుకు పోదామన్నాడు. ఆమె అవుననలేదు, కాదనీ అనలేదు.

ఇంటికొచ్చాక బాబాయి బాబాయిలా లేడు. స్కూటరు తాళం మేనల్లుడికి ఇచ్చేశాడు. నీళ్ల సీసా మూత కూడా పిన్ని చేతే తీయించుకునేవాడు. స్నేహితులు పిలిస్తే ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు. ఆమె చూడటానికి వెళ్లిన ప్రతిసారీ నీరసంగా నవ్వేవాడు.

ఒకరోజు ఆమె ఆయన భుజానికి కట్టు సరిచేస్తుంటే ఆయనే ఆ మాట ఎత్తాడు.

“నిజంగా మంటలే అయ్యుంటే ఏమయ్యేదమ్మా? నన్ను నమ్ముకుని వచ్చినవాళ్లంతా నా వల్లే పోయేవాళ్లు కదా.”

ఆమె చేతులు ఆగిపోయాయి.

“నీ వల్ల కాదు బాబాయ్. ఎంత బలమున్నవాడు తోసినా ఆ తలుపు వచ్చేది కాదు. అన్ని ఫ్యాన్లూ వేసి చూడకుండా సరేనన్నది నేనే.”

బాబాయి ఆమె వైపు తిరిగాడు.

“ఆసుపత్రిలో నేనలా బాధపడుతున్నప్పుడు కూడా నీకు తెలుసా?”

“తెలుసు.”

ఆయన భుజం వెనక్కి లాక్కున్నాడు. “నాకు చెప్పి ఏం లాభం? రేపో మాపో జనాన్ని వదులుతారు అందులోకి. పో, అక్కడ చెప్పు.”

ఆమె తిన్నగా ఆఫీసుకే వెళ్లింది. పెద్దసారు మొదట బుజ్జగించాడు, తర్వాత మండిపడ్డాడు. ఆమె కూర్చోకుండానే మొత్తం చెప్పింది. ప్రారంభం వాయిదా పడింది. ఆమెను ఆ బాధ్యత నుంచి తప్పించి డ్రాయింగులు దిద్దే పనిలో వేశారు. పాత స్నేహితులు క్యాంటీనులో వేరే బల్ల చూసుకున్నారు. ఒత్తిడి మితిమీరితే వాటంతటవే తెరుచుకుని గాలి వదిలేసే రెక్కలు గోడల్లో అమర్చి, అన్ని ఫ్యాన్లూ తిరుగుతుండగా తలుపులన్నీ మళ్లీ పరీక్షించారు. మళ్లీ పెట్టిన డ్రిల్‌లో బక్కపలచని నర్సు ఒకామె ఒంటిచేత్తో తోసుకుని అవతలికి వెళ్లిందట. ఆ కబురు ఆమెకు ఎవరో ఫోనులో చెప్పారు. మంచిదని ఫోను పెట్టేసి, బాత్‌రూములోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది.

బాబాయి భుజం కుదుటపడింది. స్కూటరు తాళం అడిగి మరీ తెచ్చుకున్నాడు. ఆమెతో మాట్లాడతాడు, అన్నం తినివెళ్లమంటాడు, వానొస్తే వెళ్లనివ్వడు. వీధిలో మాత్రం మా అమ్మాయి ఇంజనీరని ఇప్పుడు ఎవరితోనూ అనడు.